వంకాయ మీద నేరం మోపకు

అమ్మలూ,

మొన్నటి తిరుపతి ప్రయాణం తలుచుకుంటే నాకింకా నవ్వు ఆగడం లేదు. నడిచి కొండెక్కుతానని మొక్కుకున్నది నువ్వు. బస్సులో పోయి పైన చెట్టు నీడన కూర్చుని మరమరాలు తిన్నది నేను. అలిపిరి నుంచి 3,550 మెట్లు. దాదాపు అంతా ఎక్కేశాక ఫోను చేశావు. "పెద్దమ్మా, మోకాళ్ళ మిట్ట దగ్గర కూలబడ్డాను. ఇక నా వల్ల కాదు" అన్నావు. ఆ చోటు ఎంత నిటారుగా ఉంటుందో నాకు తెలుసు. ఆ కొండని పాదాలతో తొక్కడానికి మనసొప్పక రామానుజులవారు మోకాళ్ళ మీద ఎక్కారని, అందుకే ఆ పేరొచ్చిందని చెప్పుకుంటారు. ఆయన భక్తితో మోకాళ్ళు ఆనించిన చోట నువ్వు నొప్పితో ఆనించావు. నీకు నలభై ఆరు, నాకు డెబ్భై రెండు. నవ్వు వచ్చిందన్నానే గానీ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మూడో రోజు నీ వాట్సాప్ వచ్చింది. మానేయాల్సినవని ఎవరో పంపిన జాబితా. వంకాయ, టమాటా, బంగాళదుంప, చింతపండు, గోంగూర, చేమదుంప, శనగపిండి, రాత్రిపూట పెరుగు... లెక్కపెట్టాను, పద్నాలుగు. కింద నీ ప్రశ్న: "ఇవి మానేస్తే అరిగిన గుజ్జు మళ్ళీ వస్తుందట, నిజమేనా పెద్దమ్మా?"

నిజం కాదు తల్లీ. ఏది మానినా, ఏది తిన్నా అరిగిపోయిన గుజ్జు తిరిగి మొలవదు. వంకాయ తింటే మోకాలు అరుగుతుందని తేల్చినవాళ్ళూ లేరు. ముప్పై ఏళ్ళు పిల్లలకి జీవశాస్త్రం చెప్పినదాన్ని, ఒక సంగతి గమనించాను. వంకాయ, టమాటా, బంగాళదుంప, మిరప నాలుగూ ఒకే కుటుంబం. నీ జాబితాలో మొదటి మూడూ ఉన్నాయి, మిరపకాయ లేదు. రాసినవాడెవడో మన గుంటూరు వైపు వాడే అయ్యుంటాడు, సొంత మనిషిని తప్పించాడు! నీ ఒంటికి ఫలానాది పడదని నీకే రెండు మూడుసార్లు తెలిసొస్తే మానుకో, కాదనను. ఎవరో చెప్పారని పద్నాలుగు రకాలు మానేస్తే మిగిలేది అన్నం, ఊరగాయ. ఆ రెండింటితో వచ్చే చేటు నీకు తర్వాత చెప్తాను. నువ్వు వండే గుత్తి వంకాయలో తప్పు ఉంటే అది వంకాయది కాదు, వంకాయని ఈతకొట్టించిన నూనెది.

ముందు ఆ గుజ్జు సంగతి తెలుసుకో. ఎముక చివర నున్నగా, తెల్లగా అతుక్కుని ఉండే పొర అది. తరగతిలో మృదులాస్థి అని చెప్పేదాన్ని. దానికి రక్తనాళాలు లేవు, నరాలూ లేవు. మరి తిండి ఎలా అందుతుంది? కీలులో ఉండే జిగురు నీటి నుంచి. అడుగు వేసినప్పుడు గిన్నెలు తోమే స్పాంజిలా అది నొక్కుకుంటుంది, అడుగు తీసినప్పుడు ఉబ్బి ఆ నీటిని పీల్చుకుంటుంది. అంటే కదిలితేనే దానికి అన్నం. నొప్పిగా ఉందని మంచం ఎక్కితే గుజ్జుకి లంఖణం పెట్టినట్టే. నువ్వు తిరుపతి నుంచి వచ్చినప్పటి నుంచి ఉద్యోగానికి తప్ప మెట్లు దిగడం కూడా మానేశావని మీ అమ్మ చెప్పింది. అది మాత్రం నాకు నచ్చలేదు.

బండి టైరు అరిగినట్టు గుజ్జు అరగడమే ఈ మోకాళ్ళ జబ్బనుకుంటారు. అంత తేలిక కాదు. గుజ్జు కింది ఎముక, కీలు చుట్టూ పొర, లోపలి కుషన్లు, పైన పట్టుకునే తొడ కండ, అన్నీ కలిసి ఇందులో పాలుపంచుకుంటాయి. ఒంట్లో మరమ్మతు పని కూడా నడుస్తూనే ఉంటుంది, అరుగుదల దాన్ని మించిపోయినప్పుడు బాధ మొదలవుతుంది. అందుకే ఎక్స్‌రే చూసి భయపడకు. ఫిల్ములో బాగా అరిగిపోయినవాళ్ళు హాయిగా తిరుగుతారు, కాస్తే అరిగినవాళ్ళు కుంటుతారు. నా రెండు మోకాళ్ళ ఫోటోలూ పక్కపక్కన పెడితే ఎడమదే ఎక్కువ అరిగింది. నొప్పి మాత్రం కుడిదానికి.

ఇంకో మాట. కీలు నొప్పులన్నీ ఈ జబ్బే అనుకోకు. పొద్దున లేవగానే కీళ్ళు బిగుసుకుపోయి గంటైనా వదలకపోతే, రెండు చేతుల వేళ్ళ కణుపులూ ఉబ్బితే, అది వేరే కీళ్ళవాతం కావచ్చు. వెంటనే రక్తపరీక్షలు చేయించుకోవాలి. మన అరుగుదల నొప్పిలో బిగుతు సాధారణంగా అరగంట లోపే వదులుతుంది. నేను దర్శి వైపు బడిలో పనిచేసిన రోజుల్లో ఇంకో రకం చూశాను. నలభై ఏళ్ళకే నడుం వంగి, మెడ తిరగక, మోకాళ్ళు బిగిసిపోయిన మనుషులు. అది నీళ్ళలో ఫ్లోరైడ్. అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉన్న ఆ ప్రాంతం నుంచే 1937లో మన దేశంలో ఎముకల ఫ్లోరోసిస్ గురించి మొదటగా రాశారు. నల్గొండ సంగతి ఇంకా జాలి. మోకాళ్ళు ఒకదానికొకటి రాసుకునేలా కాళ్ళు వంకరపోయిన కుర్రాళ్ళ గురించి మన హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు 1973లోనే రాశారు. బావి నీళ్ళూ, ఇంటి పేదరికమూ, పళ్ళెంలో లేని కాల్షియమూ కలిసి ఒకే కాలిని వంచేశాయి. దర్శి వైపు నా బడికి ఆలస్యంగా వచ్చే పిల్లల్ని తిట్టేదాన్ని. బోరింగు నీళ్ళ బిందె మోసుకుని వస్తున్నారని తర్వాత తెలిసింది. ఒక మనిషి మోకాలు ఎందుకు నొప్పి పెడుతోందో తెలియాలంటే ఆ మనిషి ఏ నీళ్ళు తాగాడో, ఏం తిన్నాడో, ఏం మోశాడో అడగాలని నాకు నేర్పింది ఆ పిల్లలే.

కాబట్టి నిన్నూ అదే అడుగుతాను. ఏం మానాలి అని కాదు, నీ రోజు ఎలా గడుస్తోంది అని.

పొద్దున అయిదుకి లేస్తావు. వంటింట్లో గచ్చు మీద రెండున్నర గంటలు నిలబడే ఉంటావు. పిల్లలకి, అల్లుడుగారికి బాక్సులు. వాళ్ళు వదిలేసిన ఇడ్లీ ముక్కా, అట్టు అంచూ పారేయలేక నోట్లో వేసుకుంటావు. అదే నీ టిఫిను. బ్యాంకులో ఎనిమిది గంటలు కుర్చీ. సాయంత్రం ఆకలేసి కింద బండి దగ్గర మిర్చిబజ్జీలో, సమోసాలో. రాత్రి పదింటికి అందరూ తిన్నాక, మిగిలిన అన్నం పాడవుతుందని ఒక ముద్ద ఎక్కువ. పెళ్ళినాటికి యాభై రెండు కిలోలు, ఇప్పుడు డెబ్భై ఆరు. నిన్ను తప్పుపడుతున్నానని అనుకోకు. మా అమ్మా ఇలాగే అందరి తర్వాత తిన్నది, నేనూ తిన్నాను. మా అమ్మకి లావవడానికి తిండి మిగిలేది కాదు, మనకి మిగులుతోంది. అంతే తేడా. కడుపులు మారాయి, వరస మారలేదు.

ఆ ఇరవై నాలుగు కిలోల గురించి కాస్త వివరంగా చెప్పనీ. అమెరికాలో మోకాళ్ళ అరుగుదల ఉన్న లావుపాటి పెద్దవాళ్ళని నడిపించి కొలిచారు. ఒంట్లో ఒక కిలో తగ్గితే అడుగు అడుగుకీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గింది. ఇంట్లో నువ్వు నడిచే అడుగులు లెక్కేసుకో, రోజుకి ఎన్ని బస్తాలు దించినట్టో తెలుస్తుంది. అక్కడే ఫ్రామింగ్‌హామ్ అనే ఊళ్ళో ఆడవాళ్ళని ఏళ్ళ తరబడి గమనించి 1992లో రాసింది ఇంకా ఊరట. పదేళ్ళలో సుమారు అయిదు కిలోలు తగ్గినవాళ్ళకి నొప్పితో కూడిన మోకాళ్ళ అరుగుదల వచ్చే అవకాశం సగానికి పైగా తగ్గింది. అయిదు కిలోలే! మళ్ళీ పెళ్ళికూతురిలా అవనక్కరలేదు.

బరువంటే మోత ఒక్కటే కూడా కాదు. లావున్నవాళ్ళకి చేతివేళ్ళ కీళ్ళు కూడా ఎక్కువగా అరుగుతాయి. వేళ్ళ మీద ఎవరూ నడవరు కదా? ఒంట్లో పేరుకున్న కొవ్వు ఊరికే కూర్చోదు. వాపు పెంచే రసాయనాలు రక్తంలోకి వదులుతూ ఉంటుంది. కీళ్ళకి ఆ సెగ తగులుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూశాను. ఆంధ్రాలో ఆడవాళ్ళలో నూటికి 36 మంది, తెలంగాణలో 30 మంది ఉండాల్సినదానికన్నా ఎక్కువ బరువున్నారు. దేశం మొత్తం మీద 24. అదే సర్వేలో మన ఆడవాళ్ళలో సగానికి పైగా రక్తహీనత. బరువెక్కువ, రక్తం తక్కువ. కడుపు నిండుతోంది, ఒంటికి పట్టడం లేదు.

ఎందుకిలా అంటే నా బాల్యం నుంచి చెప్పాలి. మా నాయనమ్మ రోజుల్లో పల్నాడులో వరన్నం పండగ తిండి. మామూలు రోజుల్లో జొన్నన్నం, సజ్జ రొట్టె, సంగటి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆ పథకాన్ని నేను ఒక్క మాట అనను. పస్తులున్న ఇళ్ళలో పొయ్యి వెలిగింది, నా కళ్ళతో చూశాను. కానీ తెల్లటి అన్నం చవకయ్యాక మిగతావి పళ్ళెంలోంచి ఒక్కొక్కటీ లేచిపోయాయి. జొన్నలు పోయాయి, పొలం గట్టు మీది కందులూ అలసందలూ పోయాయి, చేలో దొరికే ఆకుకూరలు పోయాయి. ఇప్పుడు కూలికి పోయే మనిషి వంద రూపాయల్లో కడుపు నింపుకోవాలంటే అన్నం, పచ్చడి మెతుకులు, నూనెలో వేయించిన ఏదో ఒకటి. పప్పు ఖరీదు, గుడ్డు ఖరీదు, పండు మరీ ఖరీదు. బీదవాళ్ళు తిండి తెలియక లావవుతున్నారని కారులో తిరిగేవాళ్ళు అంటుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

జొన్నలకి మహత్యం ఉందని మాత్రం నేను చెప్పడం లేదు. ఈమధ్య మిల్లెట్ల పేరుతో అమ్మే బిస్కెట్లు కొని ఇంటినిండా పెట్టుకున్నావు, వాటిలో చక్కెర ఎంతో చదివావా? పీచు ఉన్న తిండి మంచిదని చెప్పడానికి మాత్రం ఆధారం ఉంది. అమెరికాలో రెండు పెద్ద అధ్యయనాలు చూసి 2017లో చెప్పారు: పీచు బాగా తిన్నవాళ్ళలో నొప్పితో కూడిన మోకాళ్ళ జబ్బు తక్కువగా కనిపించింది. ఎక్స్‌రేలో అరుగుదల మీద మాత్రం తేడా లేదు. అంటే ముడిబియ్యం గుజ్జుని పుట్టించలేదు, బాధ తక్కువ ఉన్నవాళ్ళు అలా తింటున్నారు, అంతవరకే. నేను నమ్మేదీ అంతవరకే.

మన తార్నాకలో ఉన్న పోషకాహార సంస్థ వాళ్ళు పెద్దవాళ్ళకి రోజుకి రెండు వేల క్యాలరీల పళ్ళెం ఒకటి లెక్కగట్టి పెట్టారు. ధాన్యం అంతా కలిపి 250 గ్రాములు, కూరగాయలు ఆకుకూరలు 400, పప్పూ గుడ్డూ మాంసమూ వంటివి 85, పాలో పెరుగో 300 మిల్లీలీటర్లు, పండు 100, పల్లీలూ బాదంలాంటివి 35, నూనె 27 గ్రాములు. ధాన్యం అంటే పొద్దుటి ఇడ్లీ రవ్వ కూడా అందులోదే సుమా! నూనె లెక్క కట్టి చూశాను. నలుగురికి నెలకి మూడున్నర లీటర్లు. మీ ఇంట్లో ఆరు ప్యాకెట్లు అయిపోతున్నాయని నువ్వే అన్నావు. ఇంక వంకాయని ఎందుకు తిడతావు?

తూకం వేసుకుంటూ బతకమని చెప్పను, నేనూ అలా బతకలేను. నేను చేసింది చెప్తాను. కంచంలో ముందు కూర వడ్డించుకుంటాను, సగం కంచం నిండేదాకా. తర్వాత పప్పు. మిగిలిన చోటులోనే అన్నం. మొదటివారం అన్నం గిన్నె కనబడక ఏడుపొచ్చింది. రోజూ ఒక గుడ్డు, గుప్పెడు నానబెట్టిన పెసలు. తిండి తగ్గించేటప్పుడు పప్పూ గుడ్డూ కూడా తగ్గించావంటే కొవ్వుతోపాటు కండ కరుగుతుంది, తొడ కండ పోతే మోకాలికి ఆధారం పోయినట్టే. ఏకాదశి ఉపవాసం పేరుతో పగలంతా కడుపు మాడ్చి రాత్రి నాలుగు పూరీలు తినే ఉపవాసం నువ్వు మానెయ్. ఏడాదిన్నరలో నేను ఎనిమిది కిలోలు తగ్గాను. మెల్లగానే. నొప్పి పోలేదు. కూరగాయల బజారుకి ఆటో లేకుండా పోయి రాగలుగుతున్నాను.

ఇదంతా చెయ్యాలంటే నీకు కావాల్సింది జొన్నపిండి కంటే ముందు టైము. పొద్దున అరగంట నీదిగా మిగలాలి. బాక్సుల్లో ఒకటి అల్లుడుగారు కట్టుకోవచ్చు, పెద్దవాడికి పందొమ్మిదేళ్ళు, కుక్కరు పెట్టడం వాడికి రాకపోవడం నీ పెంపకం లోపమే. నొచ్చుకోకు, చిన్నప్పుడు నీ జడలు వేసిన చేత్తోనే రాస్తున్నాను. రాత్రి అందరితోపాటు కూర్చుని తిను. ఎవరికి ఏం కావాలో వాళ్ళే వడ్డించుకుంటారు, చేతులున్నాయి. మిగిలిన అన్నం ఫ్రిజ్‌లో పెట్టు, లేదా రేపటికి చద్దన్నం చెయ్యి. నీ పొట్ట చెత్తబుట్ట కాదు.

ఇక మీ ఇంట్లో పనిచేసే ఆవిడ సంగతి. ఆమె నడక చూశావా ఎప్పుడైనా? పోయినసారి వచ్చినప్పుడు నేను గమనించాను. నీకన్నా చిన్నదే, కుడి కాలు ఈడుస్తోంది. నాలుగిళ్ళలో గొంతుక్కూర్చుని గిన్నెలు తోముతుంది, వంగి గదులు తుడుస్తుంది. పెళ్ళికి ముందు ఊళ్ళో వరినాట్లు వేసేదట. నీ మోకాలు ఒక జబ్బు, ఆమెది ఒక జీతం. నొప్పని ఒక వారం మానేస్తే నీకు సెలవు, ఆమెకి పస్తు. అమెరికాలో నార్త్ కరోలినాలో జాన్‌స్టన్ కౌంటీ అని పల్లెలు ఎక్కువగా ఉన్న చోట 1990ల మొదటి నుంచి జనం కీళ్ళని గమనిస్తూ వస్తున్నారు. అక్కడ కూడా చదువు తక్కువైనవాళ్ళలో, పేద ఇరుగుపొరుగుల మధ్య బతికేవాళ్ళలో మోకాళ్ళ అరుగుదల ఎక్కువని తేలింది. బరువు, వయసు లెక్కలోకి తీసుకున్నాక కూడా. దేశం ఏదైనా, ఒళ్ళు ఎవరు అరగదీసుకుంటారో తెలుస్తూనే ఉంది కదా.

చైనాలో ఇంకోటి కనిపెట్టారు. బీజింగులో పెద్దవయసు ఆడవాళ్ళు ఫ్రామింగ్‌హామ్ ఆడవాళ్ళకన్నా సన్నగా ఉన్నా, వాళ్ళ మోకాళ్ళలోనే అరుగుదల ఎక్కువ. పాతికేళ్ళ వయసులో రోజూ గంటల తరబడి గొంతుక్కూర్చున్నవాళ్ళకి ముసలితనంలో ఆ ముప్పు ఇంకా పెరిగింది. అది చదివినప్పుడు నాకు కత్తిపీట ముందు మా అమ్మ, కలుపు తీసే ఆడవాళ్ళు, నిజామాబాదు వైపు నేల మీద కూర్చుని బీడీలు చుట్టేవాళ్ళు వరసగా కళ్ళముందుకొచ్చారు. పీట వేసుకుని నేలమీద కూర్చుని అన్నం తినడం తప్పని నేననను. నొప్పి లేనివాళ్ళు శుభ్రంగా కూర్చోవచ్చు, లేవవచ్చు, అదీ కదలికే. గంటలకొద్దీ అదే భంగిమలో, బరువు మోకాళ్ళ మీదే వేసుకుని, రోజూ చెయ్యాల్సి రావడమే చేటు. కాబట్టి ఆమెకి కర్ర ఉన్న తుడుపుగుడ్డ కొనిపెట్టు. గిన్నెలు సింకులో నిలబడి తోమనీ, లేదంటే ఎత్తు పీట వెయ్యి. నెలకి రెండు రోజులు జీతం కోయని సెలవు ఇవ్వు. వంటింట్లో నువ్వు తినే పప్పులో ఒక గిన్నె ఆమెకీ పెట్టు, నిన్నటి అన్నం కాదు.

మీ అమ్మ విషయం రాయడానికి మనసు రావడం లేదు, అయినా రాస్తాను. లిఫ్టు లేని మూడో అంతస్తులో అరవై తొమ్మిదేళ్ళ నా చెల్లెల్ని పెట్టావు. కింది వాచ్‌మన్ భార్యతో మాట్లాడడానికి కూడా దిగలేకపోతోంది. నిరుడు ఓ పెళ్ళికి రానన్నది గుర్తుందా? కాళ్ళ నొప్పి అని మీకు చెప్పింది. నాకు చెప్పిన కారణం వేరు. కల్యాణమండపంలో కూర్చునే రకం మరుగుదొడ్డి ఉండదని భయం. ప్రయాణమంటే ముందురోజు నుంచి నీళ్ళు తాగడం మానేస్తుంది. ఇలాంటివి డాక్టరు అడగడు, ఆమె చెప్పదు. నొప్పి వల్ల గడప దాటదు, దాటకపోవడం వల్ల కండ కరుగుతుంది, మనుషులు లేక మనసు కుంగుతుంది, కుంగిన మనసుకి నొప్పి రెట్టింపు అనిపిస్తుంది. ప్రపంచంలో 2019 లెక్కకి 52.8 కోట్ల మందికి ఈ కీళ్ళ అరుగుదల జబ్బు ఉంది, నూటికి అరవై మంది ఆడవాళ్ళే. అందులో మన చెల్లెళ్ళూ అమ్మలూ ఎంతమంది ఇలా తలుపు వెనకాలే ఉండిపోయారో! వచ్చే అద్దె ఇల్లు కింది అంతస్తులో చూడు. అద్దె వెయ్యి ఎక్కువైనా మందుల ఖర్చులో రాబట్టుకుంటావు. అప్పటిదాకా ఇండియన్ మరుగుదొడ్డి మీద పెట్టుకునే కమోడ్ కుర్చీ ఒకటి, గోడకి పట్టుకునే కడ్డీ ఒకటి.

మందుల విషయంలో నా తెలివితక్కువతనం కూడా చెప్పుకోవాలిగా. గుజ్జు పెరుగుతుందని చెప్పి ఒకాయన గ్లూకోసమిన్ బిళ్ళలు రాశాడు. నెలకి పన్నెండు వందలు, రెండేళ్ళు మింగాను. తర్వాత తెలిసింది. 2006లోనే అమెరికాలో పదిహేను వందల మందికి పైగా మనుషుల మీద పరీక్షించి చూశారట, మొత్తం మీద ఉత్తుత్తి బిళ్ళకీ దీనికీ పెద్ద తేడా రాలేదట. తమాషా ఏమిటంటే ఉత్తుత్తి బిళ్ళ వేసుకున్నవాళ్ళలోనూ నూటికి అరవై మందికి నొప్పి తగ్గింది! నాకూ మొదటి రెండు నెలలు తగ్గింది మరి. మా వీధి చివర ఇంకొకాయన సూది వేసేవాడు. వేసిన రోజు పరుగెత్తేదాన్ని. అందులో స్టెరాయిడ్ ఉందని, ఎన్నిసార్లు పడితే అన్నిసార్లు వేయించుకునేది కాదని నా ముఖం ఉబ్బాక గానీ తెలియలేదు. పేరు లేని పొట్లాల పొడులు అసలు ముట్టుకోకు. వాటిలోనూ అదే కలిపి అమ్మినవి పట్టుబడ్డాయి. నొప్పి బిళ్ళ డాక్టరు చెప్పిన నాలుగు రోజులు వేసుకో, పచారీ కొట్టు చీటీలో రాసి తెప్పించుకునే సరుకు కాదది. కడుపులో పుండు పడుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. పైపూత మందు రాసుకో, దాంతో ఆ భయం చాలా తక్కువ.

ఆపరేషన్ నీకు ఇప్పుడే అవసరం లేదు. మీ అమ్మకి అవసరం పడవచ్చు. నిజంగా నిద్ర పట్టనివ్వని నొప్పికి, అన్నీ చేసి చూశాక, మోకాలు మార్పిడి మంచి ఉపాయమే. దాని పేరు చెప్పి ఆస్తులు అమ్ముకున్నవాళ్ళని నేనెరుగుదును. 2017లో ప్రభుత్వం కృత్రిమ మోకాలి ధరకి పరిమితి పెట్టింది, మామూలు రకానిది అప్పట్లో 54,720 రూపాయలు, పన్ను కాక. ఆస్పత్రిలో బిల్లు ఇచ్చేటప్పుడు మోకాలి ధర విడిగా రాసి ఇమ్మని అడుగు. మొహమాటపడకు.

ఇక వ్యాయామం. 2013లో వచ్చిన అమెరికా అధ్యయనం ఒకటి ఉంది, ఏడాదిన్నర పాటు తిండి తగ్గించడం, వ్యాయామం రెండూ కలిపి చేసినవాళ్ళకి నొప్పి దాదాపు సగం తగ్గింది. ఏదో ఒకటే చేసినవాళ్ళకి అంత రాలేదు. నేను చేసేది చెప్తాను. రాత్రి ఏడు గంటల వార్తలప్పుడు కుర్చీలో కూర్చుని ఒక కాలు ముందుకి చాపి, తొడ బిగించి, అయిదు లెక్కపెట్టి దించుతాను. ఒక్కో కాలికి పదిసార్లు. తర్వాత చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, పదిసార్లు. మొదట్లో మూడుసార్లకే అబ్బా అనేదాన్ని. చేస్తున్నప్పుడు కాస్త నొప్పి ఉంటే భయం లేదు, మర్నాటికి కూడా తగ్గకపోతే ఆ రోజు తగ్గించుకుంటాను. పొద్దున ఇరవై నిమిషాలు నడక, మెత్తటి అడుగున్న చెప్పులతో. చీర పాదాలకి తగిలితే పడతానని నేను పంజాబీ డ్రెస్సు కుట్టించుకున్నాను. డెబ్భై ఏళ్ళకి ఏం వేషమిది అని వీధిలో నవ్వారు. నవ్వనీ. ఇప్పుడు వాళ్ళలో ముగ్గురు నాతో నడుస్తున్నారు, ఒకావిడ నన్నడిగి అదే కొలతలతో కుట్టించుకుంది. ఒంటరిగా నడిచిన రోజులకన్నా వీళ్ళతో కోడళ్ళ సంగతులు మాట్లాడుకుంటూ నడిచిన రోజుల్లో మోకాలి మీదికి ధ్యాసే పోదు.

నీ బ్యాంకులో గంటకోసారి లేచి నీళ్ళ సీసా నింపుకునే నెపంతో రెండు వరసలు తిరుగు. మేనేజరు చూస్తే చూడనీ. వంటింట్లో కాళ్ళు కాస్త పైకి పెట్టుకునే ఎత్తు స్టూలు కొను, కూరలు తరిగేటప్పుడు కూర్చో. వచ్చే ఏడు నడిచి కొండెక్కుతానని మళ్ళీ మొక్కుకున్నావట, విన్నాను. మొక్కు తీర్చుకో. కానీ దానికి ముందు ఆరు నెలలు రోజూ మీ అపార్టుమెంటు మెట్లు ఎక్కి దిగి రా, అలవాటు లేని కాలు ఒక్కరోజున 3,550 మెట్లు ఎక్కడం ఆ స్వామికీ ఇష్టం ఉండదు.

ఆదివారం అమ్మని తీసుకుని వస్తావు కదా. మూడంతస్తులు దిగడానికి అరగంట ముందే బయల్దేరదీయి, తొందరపెట్టకు. వచ్చేముందు కుర్చీలో కూర్చోబెట్టి నేల నుంచి ఆమె మోకాలి దాకా ఎన్ని అంగుళాలో టేపుతో కొలిచి రాసుకురా. మా వడ్రంగికి ఒక ఎత్తు కుర్చీ, చేతులు ఆనించి లేచేటట్టు, చెప్పి ఉంచాను. నీ జాబితాలో ఉన్నవే వండుతున్నాను. గుత్తి వంకాయ, టమాటా పప్పు, రాత్రికి పెరుగన్నం. నూనె గరిటెతో కాదు, చెంచాతో పోస్తాను. రుచి తగ్గిందని అల్లుడుగారు మొహం చిట్లిస్తే నా పేరు చెప్పు, నేను చూసుకుంటాను.

నీ పెద్దమ్మ